సొంత గల్లీలో టూరిస్టు

మీ ఊరికి మేలు చేయాలని ఉందా? అయితే వెంటనే అక్కడ కాపురముండడం మానేయండి. టూరిస్టుగా ఉండండి!

నవ్వకండి. నేను పూర్తి స్పృహలో ఉండే చెబుతున్నాను. ఈ మధ్య 'బాధ్యతాయుత పర్యాటకం' అని ఒకటి బయల్దేరింది. దాని పేరెత్తితే చాలు, చాలామంది మొహం చిట్లిస్తున్నారు. వీసా తీసుకుని, విమానమెక్కి పరాయి దేశం పోయేది హాయిగా ఉండటానికా, బుద్ధిగా ఉండటానికా అని వాళ్ల బాధ. అరవకూడదట, చెత్త వేయకూడదట, లైను తప్పకూడదట! ఆ మాత్రానికి హాలిడే ఎందుకు, హాస్టల్లో చేరితే సరిపోదా?

నాకు మాత్రం ఇంతటి వరం ఇంకొకటి లేదని గట్టి నమ్మకం. నమ్మకపోతే బోయిగూడ తుకారాం సంగతి వినండి.

తుకారాంకు రెజిమెంటల్ బజార్‌లో సూట్‌కేసుల రిపేరు దుకాణం ఉంది. ఇరవై ఆరేళ్లుగా లోకంలోని సూట్‌కేసులన్నిటికీ చక్రాలు వేశాడు, జిప్పులు కుట్టాడు, తాళాలు పగలగొట్టాడు. సింగపూర్ వెళ్లొచ్చిన పెట్టెలు, దుబాయ్ వెళ్లొచ్చిన పెట్టెలు ఆయన చేతుల మీదుగా పోయాయి. ఆయన మాత్రం షిర్డీ దాటి అడుగు పెట్టలేదు.

ఇది ఆయనకు బాధ కాదు. ఆయన భార్య కల్పలతకు బాధ. "ఊరందరి పెట్టెలకు చక్రాలేస్తవ్. మన పెట్టె ఒక్కటి గడప దాటదు" అని పెళ్లయిన మూడో నెలలో మొదటిసారి అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు అందో తుకారాం లెక్క పెట్టుకోలేదు. చివరికి ఈ ఏడాది ఆమే పాస్‌పోర్టులు తీయించింది, సీతాఫల్‌మండిలో తాతబ్బాయి అనే ఆయన నడిపే టూర్ల ఆఫీసుకు వెళ్లి వియత్నాంకు రెండు సీట్లు చెప్పేసింది. తెల్ల క్యాన్వాస్ బూట్లు కూడా కొంది. అవి అలవాటు కావాలని రోజూ సాయంత్రం హాల్లో వేసుకుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచేది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా తాతబ్బాయి ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. అట్ట మీద 'అభివృద్ధి చెందుతున్న దేశంలో మర్యాదగా మెలగడం ఎలా?' అని ఉంది.

"ఏటి చెయ్యమంటారండీ! కిందటి బ్యాచ్‌లో మనోళ్లు హోటల్లో టిఫినంతా డబ్బాల్లోకి సర్దేశారండి. పడవలో స్పీకరెట్టి డాన్సులేసేశారండి. ఇప్పుడా హోటలోళ్లు ట్రైనింగ్ లేనోళ్లని పంపొద్దంటన్నారు. పద్నాలుగు రోజులు ప్రాక్టీసు చేసి, డైరీ రాయాలండి."

ఆడవాళ్లకు మినహాయింపు ఉందట. కిందటి బ్యాచ్ గొడవంతా మగవాళ్లదేనట.

"ప్రాక్టీస్ యాడ చెయ్యాలె? అభివృద్ధి చెందుతున్న దేశం నేను ఏడికెళ్లి తేవాలె?" అన్నాడు తుకారాం.

తాతబ్బాయి ఆయన వంక జాలిగా చూశాడు. "మీరుండేది ఎక్కడండీ?"

"బోయిగూడ."

"మరింకేటండీ! అక్కడే చేసేయండి."

చివరి పేజీలో ఒక ఫారం ఉంది. ఆ ప్రాంతపు స్థానికుడొకరు 'ఈ పర్యాటకుడి వల్ల మాకు ఏ ఇబ్బందీ కలగలేదు' అని సంతకం పెట్టాలి. కుటుంబ సభ్యుల సంతకం చెల్లదు. పద్నాలుగో రోజు సాయంత్రానికి ఫారం అందకపోతే రెండు సీట్లూ వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు పోతాయి. ఆ మాట విన్నప్పటి నుంచి కల్పలతకు ముద్ద దిగలేదు. తన ఇరవై ఆరేళ్ల ఆశ ఇప్పుడు ఈ మనిషి నడవడిక మీద ఆధారపడి ఉంది. ఆ నడవడిక ఆమెకు తెలియనిది కాదు!

మొదటి రూలు: స్థానికులను చిరునవ్వుతో పలకరించండి.

తెల్లారి తుకారాం గల్లీలోకి వచ్చి, ఎదురైన ప్రతి మనిషికీ చేతులు జోడించి నవ్వాడు. ఒకాయన గబగబా తన బండిని వీళ్ల గేటు ముందు నుంచి తీసేశాడు. ఇంకొకాయన దగ్గరికొచ్చి, "అమ్మకు పానం మంచిగనే ఉన్నదా?" అని గొంతు తగ్గించి అడిగాడు. మూడో ఇంటావిడ లోపలికి పోయి గడియ పెట్టుకుంది. మనిషి కారణం లేకుండా నవ్వితే జనం ఎంత పరేషాన్ అవుతారో తుకారాంకు ఆ రోజే తెలిసింది.

రెండో రూలు: అనవసరంగా హారన్ కొట్టకండి.

ఇంటి నుంచి దుకాణానికి స్కూటర్ మీద పది నిమిషాలు. ఆ రోజు యాభై నిమిషాలు పట్టింది. కట్టెల అడ్డా దగ్గర ఒక లారీ అడ్డంగా నిలబడితే, అందులోని దుంగలన్నీ దింపేదాకా వినయంగా ఆగాడు. వెనకున్నవాళ్లు ఆయన మీద కొట్టిన హారన్లు స్టేషన్‌దాకా వినిపించి ఉంటాయి. ఆయన వెనక్కి తిరిగి వాళ్లను కూడా చిరునవ్వుతో పలకరించాడు. వాళ్లు ఏమన్నారో డైరీలో రాయలేదు.

మూడో రూలు దగ్గర వచ్చింది అసలు తక్లీఫ్. ఉమ్మివేయడం ఆ ప్రాంత వారసత్వాన్ని అవమానించడమేనట! తుకారాం పాన్ మనిషి. గల్లీ మూల గోడ ఎర్రదనంలో ఆయన వాటా తక్కువేమీ కాదు. ఒక లెక్కన ఆ గోడే ఆయన వారసత్వం! అయినా రూలు రూలే కదా. మూత బిగించే డబ్బా ఒకటి జేబులో పెట్టుకుని తిరిగాడు. మూల మీదికి వచ్చినప్పుడల్లా మెడ దానంతట అదే గోడ వైపు తిరిగేది, ఆయన చేత్తో పట్టుకుని ముందుకు తిప్పుకునేవాడు.

ఇక బేరం సంగతి. స్థానికుల శ్రమకు విలువనివ్వండి, గీచి గీచి బేరమాడకండి అని నాలుగో రూలు. గల్లీ మొదట్లో బండి మీద కూరగాయలమ్మే మార్త దగ్గరికి వెళ్లాడు.

"బీరకాయ ఎంతమ్మా?"

"కిలో అరవై."

"సరే, ఇయ్యి."

మార్త చేయి త్రాసు మీదే ఆగిపోయింది. "ఏమైందన్నా?"

"ఏం కాలే."

"అక్కతోని లొల్లి అయిందా?"

"లే."

"మరి బేరం ఎందుకు చేస్తలేవ్?"

"నీ కష్టానికి విలువిస్తున్న."

మార్తకు భయం వేసింది. పన్నెండేళ్లుగా ఈ మనిషి ముప్పైకి అడగనిదే సంచీ తెరవలేదు. "యాభైకి తీస్కపో అన్నా" అంది. "వద్దమ్మా, అరవయ్యే" అన్నాడు. "నలభై అయిదియ్యి!" "అరవైకి పైస తక్కువియ్య!" అని ఇద్దరూ పట్టు పట్టారు. చుట్టూ జనం మూగారు. చివరికి అరవై చేతిలో పెట్టి పారిపోతున్న తుకారాం సంచీలోకి మార్త కొత్తిమీర, కరివేపాకు, రెండు నిమ్మకాయలు విసిరి పగ తీర్చుకుంది.

అయిదో రోజు 'స్థానిక వంటకాల గురించి ఆసక్తిగా అడిగి తెలుసుకోండి' అన్న రూలు వచ్చింది. తల్లి బుచ్చమ్మ సర్వపిండి పళ్లెంలో పెట్టింది. తుకారాం డైరీ తెరిచి పెన్ను పట్టుకున్నాడు.

"అమ్మా, దీన్ని ఎట్ల చేస్తరు? నీకు ఎవలు నేర్పిన్రు?"

బుచ్చమ్మ కోడలి వైపు తిరిగింది. "వీనికేమైందే? యాభై ఏండ్ల సంది తింటుండు, గిప్పుడు అడుగుతుండు!"

"చెప్పుండ్రి అత్తమ్మా, పరీక్షున్నది ఆయనకు" అంది కల్పలత.

బుచ్చమ్మ చెప్పడం షురూ చేసింది. పిండి సంగతి రెండు ముక్కల్లో అయిపోయింది. నేర్పిన అత్త సంగతి, ఆ అత్త చాటుగా దాచిపెట్టిన నువ్వుల సంగతి, తొలిసారి గిన్నెకు అంటుకుపోతే తను ఏడ్చిన సంగతి గంట పట్టాయి. తుకారాం నాలుగు పేజీలు రాశాడు. ఇవేవీ తనకు తెలియనందుకు ఆయనకు సిగ్గేసింది, ఆ సిగ్గు కూడా డైరీలో రాశాడు. ఫొటో తీసుకోవచ్చా అని రూలు ప్రకారం అనుమతి అడిగితే, "ఆగు, చీర మార్చుకొని వస్త" అని ఆమె లోపలికి పోయింది.

చూశారా? కన్నతల్లితో గంటసేపు మాట్లాడటానికి ఒక వియత్నాం టూరు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇది వరం కాక ఇంకేమిటి చెప్పండి!

వారం గడిచేసరికి తుకారాం ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న చెత్త తీసి, డైరీలో అంటించడానికి ఫొటో దిగడం మొదలుపెట్టాడు. ఛాయ్ బండి దగ్గర లైన్లో నిలబడ్డాడు. అక్కడ లైనే లేదు, ఆయనే ఒక లైను. ఇదంతా గల్లీ మూల మీద ఫ్లెక్సీలు ప్రింట్ చేసే హరికిషన్ తన షాపులో కూర్చుని గమనిస్తున్నాడు. ఆయనకు మనుషుల్ని చదవడంలో పాతికేళ్ల అనుభవం.

"ఒకటి, నవ్వుకుంట దండం పెడుతుండు. రెండు, అడిగినంత ఇచ్చి కూరగాయలు కొంటుండు. మూడు, చెత్త ఎత్తుతుండు, ఎత్తి ఫొటో సుత దిగుతుండు" అని చుట్టూ చేరినవాళ్లకు వేళ్లు మడిచి చూపించాడు. "మనిషి మామూలుగుంటె గిట్ల చేస్తడా? కార్పొరేటర్‌గ నిలబడుతుండు!"

అందరికీ సందేహం తీరిపోయింది. అవును మరి! మామూలు మనిషికి ఇవన్నీ చేయాల్సిన ఖర్మేమిటి?

తెల్లారేసరికి గల్లీ మొగదల ఎనిమిదడుగుల ఫ్లెక్సీ లేచింది. 'మన గల్లీ ఆశాజ్యోతి తుకారాం అన్న!' అందులో ముఖం తుకారాందే. తెల్ల ఖద్దరు చొక్కా, దాని కింది భుజాలు, పిడికిలి బిగించిన చేయి మాత్రం ఎవరివో. సంవత్సరాలుగా మురికినీళ్లు పొంగే మ్యాన్‌హోల్ గురించి అర్జీ వచ్చింది. వెలగని దీపాల గురించి వచ్చింది. పగలు కూడా ఆరని దీపం గురించి వేరే వచ్చింది. కుక్కలు అరుస్తున్నాయని ఒకరు, తమ కుక్కను ఎవరో అదిలిస్తున్నారని మరొకరు. తుకారాం గడప మీద నిలబడి చేతులు జోడించాడు.

"అన్నా, నేను లీడర్ను కాదు. ఒట్టి టూరిస్టును!"

"తెల్సన్నా! గెలిచినోళ్లందరు టూరిస్టులే గద. ఒకసారి వస్తరు, ఫొటో దిగుతరు, పోతరు" అన్నాడు హరికిషన్. గల్లీ అంతా గొల్లుమంది.

"నిజంగ చెప్తున్న, వియత్నాం పోతున్న!"

"వామ్మో! గెలవకముందే క్యాంపు షురూ చేసిన్రా?"

తుకారాం తల పట్టుకుని లోపలికి వచ్చేశాడు. కల్పలత మాత్రం సంతోషించింది. స్థానికులకు ఇబ్బంది లేదనే కదా దీనర్థం! సంతకం ఒకటేం ఖర్మ, వంద వస్తాయి. ఆ సాయంత్రం ఆమె బూట్లు వేసుకుని హాల్లో రెండు రౌండ్లు ఎక్కువ తిరిగింది.

పద్నాలుగో రోజు వచ్చింది. మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ ఫారం తీసుకుని హరికిషన్ షాపు దగ్గరికి వెళ్లారు. పాతికమంది జమయ్యారు. ఎవరో దండ వేశారు, ఎవరో జై కొట్టారు. తుకారాం ఫారం బల్ల మీద పరిచి పెన్ను మూత తీశాడు.

"మీలో ఎవలన్న ఒక్కరు సంతకం పెట్టున్రి. ఈడి లోకల్ మనిషి పెట్టాలె."

ఒక్కసారిగా అందరి నోళ్లూ మూతపడ్డాయి. అది నామినేషన్ ఫారమనీ, దాని మీద సంతకం పెడితే రేపు పోలీసులొస్తారో, ఓడిపోయినవాళ్లొస్తారో, గెలిచినవాళ్లే వస్తారోననీ గల్లీ అంతా ఒకే క్షణంలో అర్థం చేసుకుంది.

"అన్నా, జై కొట్టుమంటే పొద్దుందాక కొడ్త" అన్నాడు హరికిషన్, పెన్ను వైపు చూడకుండా. "సంతకమంటే... నేను ఈడి మనిషిని కాదు గద. మాది ఒరిజినల్‌గ బీదర్."

"నువ్వు పుట్టింది ఈడనే గదనే!"

"పుట్టింది ఈడనే. మనిషినైతె బీదర్ మనిషినే."

మార్త కొంగుతో మొహం తుడుచుకుంది. "మాది సదాశివపేట దిక్కన్నా. ఈడ కొన్ని దినాలు ఉండిపోదామని వచ్చినం."

"ఎన్ని దినాలైంది?"

"ఇరవై రెండేండ్లు."

మేం కిరాయికుంటున్నం అని ఒకరు. ఇది మా అత్తగారి ఇల్లు అని ఒకరు. మూడంతస్తులు కట్టుకున్నాయన, ఇల్లు ఈడున్నా మనసు కరీంనగర్‌లో ఉందన్నాడు. అయిదు నిమిషాల్లో బోయిగూడలోని ఆ గల్లీలో లోకల్ అనేవాడు ఒక్కడూ మిగల్లేదు. మ్యాన్‌హోల్ పక్కన తుకారాం, కల్పలత, ఒక పూలదండ మిగిలారు.

కల్పలత కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "రెండు వారాలు నువ్వు మంచిగుంటె సుత మనకు రాసిపెట్టి లేదన్నమాట" అంది. తన తప్పుల వల్ల పోయిన వాటికి తుకారాం ఎప్పుడూ ఇంత బాధపడలేదు. ఈసారి తప్పు చేయకుండా పోతోంది.

"పా, తాతబ్బాయినే అడుగుదాం" అని ఆటో పిలిచాడు.

తాతబ్బాయి అప్పటికే కంప్యూటర్ ఆపుతున్నాడు.

"అన్నా, నువ్వే పెట్టన్నా సంతకం" అన్నాడు తుకారాం.

"నేనెలా పెడతానండీ బాబూ? మాది తుని దగ్గరండి."

"ఈడికొచ్చి ఎన్నేండ్లాయె?"

"పద్దెనిమిదేళ్లండి. అయినా ఇక్కడేటి, ఏదో గడిపేత్తన్నాం."

కల్పలత కళ్లు తుడుచుకుని ఫారం లాక్కుంది. రెండుసార్లు చదివింది. "ఈయన తాత కూడ బోయిగూడల్నే పుట్టిండు. ఈయన లోకలా, కాదా?"

"లోకలేనండి. కానీ టూరిస్టు కూడా ఆయనే కదండీ."

"టూరిస్టు, లోకల్ ఇద్దరు వేరే వేరే మనుషులుండాలని ఈడ రాసున్నదా?"

తాతబ్బాయి పుస్తకమంతా తిరగేశాడు. రాసి లేదు. "కుటుంబ సభ్యులు పెట్టకూడదని ఉందండి" అన్నాడు.

"ఆయనకు ఆయనే కుటుంబ సభ్యుడు ఎట్లయితడన్నా? తల్లయితడా, తమ్ముడయితడా?"

తాతబ్బాయి స్టాంపు ప్యాడ్ మూత తెరిచాడు. "పెట్టేయండి. ఇంకెవరైనా అడిగితే నాకు తెలీదంటాను."

తుకారాం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. 'ఈ పర్యాటకుడి వల్ల మాకు ఏ ఇబ్బందీ కలగలేదు' కింద సంతకం పెట్టాడు. తన గురించి తాను అంత మంచి మాట ఎప్పుడూ చెప్పుకోలేదు. కల్పలత ఊపిరి పీల్చుకుంది.

"ఇంకో గడి ఉండిపోయిందండి" అన్నాడు తాతబ్బాయి.

సంతకం పెట్టిన స్థానికుడి వివరాల్లో చివరి గడి అది. 'ఈ ప్రాంతంలో ఎంతకాలంగా బాధ్యతతో నివసిస్తున్నారు?'

"యాభై రెండేండ్లు రాయి" అంది కల్పలత.

తుకారాం అయిదు అంకె వేయబోయి ఆగాడు. మూల గోడ గుర్తొచ్చిందో, మార్త మొహం గుర్తొచ్చిందో, నువ్వుల సంగతి చెబుతూ నవ్విన తల్లి గుర్తొచ్చిందో తెలియదు. ఆయన మొహం మాత్రం ఎర్రబడింది. తల ఎత్తకుండా, గుండ్రంగా, 'పద్నాలుగు రోజులు' అని రాశాడు.

తాతబ్బాయి స్టాంపు వేశాడు. మెట్లు దిగుతూ కల్పలత తుకారాం చేయి పట్టుకుంది.

వాళ్లు వియత్నాం వెళ్లొచ్చారు. అక్కడివాళ్లకు వీళ్ల వల్ల ఏ ఇబ్బందీ కలగలేదని విశ్వసనీయ సమాచారం. ఇక్కడ మ్యాన్‌హోల్ ఇంకా పొంగుతూనే ఉంది, దాని గురించి ఎవరిని అడిగినా తుకారాం అన్నను అడగమంటున్నారు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! నా మాట విని ఇవాళే మీ ఊళ్లో టూరిస్టులుగా చేరిపోండి. ఆ చివరి గడిలో మీరేం రాస్తారో ఒక్కసారి ఆలోచించుకోండి. నిజాయితీగా ఆలోచించాలి సుమా!

నన్నడుగుతున్నారా? నేనేం రాస్తానండీ, సికింద్రాబాద్‌లో ఉంటున్నానన్న మాటేగానీ మాది ఒరిజినల్‌గా వేరే ఊరు.